నూట పద్దెనిమిదో కొమ్మ

మెట్టల మీద అరవై ఒకటో ఏడు
కార్తీకం 2

ఈ పుస్తకం ఇవాళ నా చేతికి వచ్చింది. ఇస్తూ ఎస్తేరు టీచరుగారు రెండు షరతులు పెట్టారు. చదువుగదిలో జరిగింది జరిగినట్టు రాయాలి. ఉపమానాలు రాయకూడదు.

"నీకు ముందు ఈ పని చేసిన వీరన్న సముద్రం మీద మూడు పేజీలు రాశాడమ్మా. ఆ నెల రక్తం లెక్క మాత్రం రాయలేదు" అన్నారు.

నా పేరు నూకరత్నం. పదిహేడేళ్లు. ఉండేది మూడో మెట్ట, సముద్రం నడుమ ఉన్న తొమ్మిదింటిలో. ఉపమానాలు రాయకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను.

ఉదయం, పొగమంచును పట్టి నీళ్లు దించే మంచు వలల కింద డబ్బాలు మార్చాను. పదకొండు లీటర్లు వచ్చాయి. తర్వాత అమ్మమ్మ సుత్తితో పైపు మీద మూడు దెబ్బలు కొట్టింది. అది మాత్ర గంట. పసుపు మాత్ర వేసుకున్నాను. మొత్తం తొమ్మిది మెట్టల మీద రెండు వందల పన్నెండు మందిమి అదే దెబ్బకు అదే మాత్ర వేసుకుంటాం. మిగతా నాలుగు వందల చిల్లర మందికి ఆ అవసరం లేదు, కానీ గంట మోగినప్పుడు వాళ్లూ పని ఆపుతారు.

ఇవాళ నేర్చుకున్న మాట: ప్రతి. ఒకదాన్ని చూసి రాసిన మరొకటి. ప్రతివాడు, ప్రతిరోజు అని ఎన్నిసార్లో అన్నాను గానీ, ఈ అర్థంలో ఇన్నాళ్లూ దాని ముఖం చూడలేదు.

కార్తీకం 5

ఏడాదికోసారి అందరి రక్తం తీసే నెల. ఇవాళ నలభై గొట్టాలు. చదువుగదిలో ఎండతో నడిచే చదివే పెట్టె ఒక్కో గొట్టానికి పావుగంట తీసుకుంటుంది, మబ్బు పడితే అరగంట. అది వైరస్‌ను నాలుగే అక్షరాల్లో చదివి చెబుతుంది: ఏ, సి, జి, టి. టీచరుగారు ఆ వరుసను పోయినేటి వరుస పక్కన పెడతారు. ఎక్కడ మారిందో వేలితో వెతకడం నా పని.

హెచ్ఐవి తన ప్రతిని రాసుకుంటుంది గానీ, రాసింది మళ్లీ చదివి దిద్దుకోదట. అందుకే దాదాపు ప్రతిసారీ ఎక్కడో ఒక తప్పు పడుతుంది. చాలా తప్పులు దాన్నే చంపుతాయి. కొన్ని దాన్ని ఏమీ చేయవు. ఎప్పుడో ఒకటి దాన్ని కాపాడుతుంది. ఒక మనిషిలో ఉండేది ఒక వైరస్ కాదు, తలోరకం తప్పుతో ఒక గుంపు.

"అంటే, తప్పు రాయడం దానికి మేలేనా టీచరుగారూ?"

"దానికి మేలూ కీడూ తెలియదు. రాస్తుంది, అంతే. మందు వచ్చి కొన్నిటిని చంపుతుంది. మిగిలింది ఎక్కువవుతుంది. మిగిలింది తెలివైనదని మనం అనుకుంటాం."

గోడకు పాత తెరచాప కట్టి ఉంది. దాని మీద చెట్టు గీసి ఉంది. అడుగున ఆరు మొదళ్లు, మొదట వచ్చినవాళ్లలో ఆరుగురి వైరస్‌లు. పైకి పోయేకొద్దీ కొమ్మలు. ప్రతి కొమ్మ చివర ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో టీచరుగారి ఇనుప పెట్టెలో ఉన్న పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెట్టు చెప్పేస్తుంది కాబట్టి మొదటివాళ్లు పెట్టిన కట్టడి ఇది. నా నంబరు నాకూ తెలియదు.

పొట్టి కొమ్మ మంచి కొమ్మ. మాత్ర సరిగా వేసుకుంటే వైరస్‌కు ప్రతి రాసుకునే వీలుండదు. ప్రతి లేకపోతే తప్పు లేదు. తప్పు లేకపోతే కొమ్మ పెరగదు.

కార్తీకం 11

అన్నీ చదివేశాం. రాయవలసింది ఒకటే.

నూట మూడో స్థానంలో ఏఏఏ ఉండాలి. కొందరిలో ఏఏసి ఉంది. ఒక్క అక్షరం. కానీ ఆ అక్షరం మారిన వైరస్ మీద మన మాత్రలో ఉన్న మూడు మందుల్లో ఒకటి పని చేయదు. మిగిలిన రెండూ కొన్నాళ్లు లాగుతాయి, తర్వాత అవీ ఓడిపోతాయి.

ముందటేడు ఐదుగురిలో ఉంది. పోయినేడు పద్నాలుగు. ఈ ఏడు ఇరవై మూడు.

వేరే రకం మాత్రలు, పచ్చవి, అలమరలో ఉన్నాయి. వచ్చే పడవ దాకా పద్నాలుగు మందికి సరిపోతాయి. పడవకు ఇంకా ఐదు నెలలుంది.

టీచరుగారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇది ఎవరో ఒకరి దగ్గర మొదలై ఉంటుంది. ఎక్కడ మొదలైందో చెట్టు మీద వెతుకు" అన్నారు.

కార్తీకం 14

గది నుంచి మాట బయటికి పొక్కింది. నేను చెప్పలేదు. పచ్చ మాత్రల అలమరకు కొత్త తాళం పడితే చాలు, ఇక్కడ అందరికీ అన్నీ అర్థమవుతాయి.

చేపలు ఎండేసే చోట అక్కతో కలిసి కవళ్ల చేపలు తిప్పుతున్నాను. అక్క మంగతాయికి ఏడో నెల. వంగలేదు కాబట్టి, కూర్చుని నాకు పనులు పురమాయిస్తుంది. మా మేనమామ భార్య బంగారమ్మత్త పక్క వరుసలో ఉంది, తన కూతురు కుసుమతో.

"తీరం నుంచి ఏటేటి వత్తాయో మనకేటి తెలుత్తాది? మనుసుల్ని దింపుతారు, ఆళ్లతో పాటు ఇంకేటి దింపుతారో" అంది అత్త, గాలితో చెప్పినట్టు.

అది మా బావ సాల్మను గురించి. రెండేళ్ల క్రితం రక్త పరీక్షలో దొరికాడని తీరం వాళ్లు పడవలో తెచ్చి ఇక్కడ వదిలేశారు. అక్క అతన్ని చేసుకుంది.

అక్క ఊరుకునే మనిషి కాదు. "మనందరి తాతల్నీ అలాగే దింపారత్తా. నువ్వేటి, సేప కడుపునుంచి ఊడిపడ్డావా?"

కుసుమ నవ్వింది. అత్త కూతురి చేతి మీద ఒకటి వేసింది.

కానీ తిరిగి వస్తుంటే అక్క మెల్లగా అంది. "ఒసే రత్తీ, నేను ఏ సిన్న తప్పు సేసినా ఆయన మీదికే పోద్ది. మన ఆచారాలు ఇడిసేసినాదంటారు, తీరపోడు సెడగొట్టాడంటారు. ఇక నించి అన్నీ గీత గీసినట్టు సేత్తాను."

సాయంత్రం టీచరుగారిని అడిగాను. "అతని నంబరు ఆ ఇరవై మూడులో లేదు. కానీ ఆ మాట బయట చెప్పే హక్కు నాకూ లేదు, నీకూ లేదు" అన్నారు.

కార్తీకం 17

మూడు రోజులు చెట్టు ముందే కూర్చున్నాను. ఇరవై మూడు నంబర్లకూ ఎర్ర దారం ముక్కలు కట్టాను. ఒకరి దగ్గర మొదలై పాకి ఉంటే దారాలన్నీ ఒకే కొమ్మ మీద గుత్తిగా ఉండాలి.

అలా లేవు. ఆరు మొదళ్ల మీదా ఉన్నాయి. కొసన ఒకటి, మధ్యలో ఒకటి, చెల్లాచెదురుగా. నలుగురికి మాత్రమే ఇంకొకరి నుంచి వచ్చింది. మిగతా పంతొమ్మిది చోట్లా ఆ ఒక్క తప్పు విడివిడిగా పుట్టింది.

టీచరుగారు తెరచాప దగ్గరికి వచ్చి, ఒక్కో దారాన్నీ వేలితో తాకారు. "ఎవరూ తేలేదు" అన్నారు. "పంతొమ్మిది ఇళ్లలో ఎవరింట్లో వాళ్లే చేసుకున్నారు. ఏం చేశారు?"

నాకు తెలియలేదు. ఉపమానం మాత్రం తట్టింది. రాయలేదు.

కార్తీకం 20

అమ్మమ్మ గంట కొట్టలేకపోయింది, ఆమె బదులు నేను కొట్టాను. గుండెలో నీరు చేరిందట. అమ్మమ్మ పేరు కాశమ్మ. మొదటి తుఫాను చూసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే.

తల దువ్వుతుంటే ఆ కథ చెప్పమన్నాను. వంద సార్లు విన్నాను. రాసుకోవడానికి అడిగాను.

"నాకు ఎనిమిదేళ్లమ్మీ. మెట్టల మీదికి వచ్చిన రెండో ఏడు. తుపాను కొట్టింది, నాలుగు నెలలు పడవ లేదు. మాత్రలు తక్కువయ్యాయి. అందరూ సగం సగం తిందామన్నారు. అప్పటి డాక్టరమ్మ వద్దంది, సగం తింటే అందరూ పోతారంది. అప్పుడు పెద్దోళ్లు పదకొండు మంది లేచి, మాకొద్దు అన్నారు. మా అక్క సీతాలు పంతొమ్మిదేళ్లది, అదీ లేచింది. దాని మాత్ర నా నోట్లో ఎట్టింది. పడవ వచ్చేసరికి దగ్గుతో పోయింది."

అందుకే మా దగ్గర మందు విడుపు ఉంది. ఎవరైనా పోతే, వాళ్ల రక్తసంబంధీకులు, ఆ ఇంటికి మనువొచ్చినవాళ్లు పదహారు రోజులు మాత్ర ముట్టరు. శవాన్ని తెరచాప గుడ్డలో చుట్టి నీళ్లలో వదిలేటప్పుడు, ఇత్తడి పళ్లెంలో ఆ రోజు మాత్ర వేస్తారు. చిన్నవాళ్లతో మొదలుపెట్టి పెద్దవాళ్ల దాకా. పళ్లెం కూడా శవంతోనే వెళుతుంది. 'మీరు మాకోసం మానారు, మేం మీకోసం మానాం' అంటారు.

అమ్మ నాలుగో మెట్ట నిచ్చెన మీంచి పడి పోయినప్పుడు నాకు పదమూడేళ్లు. పదహారు రోజులూ మానాను. అమ్మమ్మ నన్ను అందరి ముందూ దగ్గరికి తీసుకుంది. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అంత నిండుగా అనిపించింది ఇంకొకటి లేదు.

ఇది రాస్తుండగా చేయి ఆగిపోయింది. చదువుగదికి వెళుతున్నాను.

కార్తీకం 20, మధ్యాహ్నం

టీచరుగారు ఇనుప పెట్టె తెరిచారు. పేర్లు చెప్పలేదు. పంతొమ్మిది నంబర్ల పక్కన మందు విడుపు తేదీలు చదివారు. అందరికీ ఉన్నాయి. అందరివీ గత ఐదేళ్లలోవే.

"అరవై ఏళ్లుగా విడుస్తున్నాం. ఐదేళ్ల నుంచే ఎందుకు?" అని అడిగాను.

ఆమె కుర్చీలో కూలబడ్డారు. "మాత్ర మారింది" అన్నారు. "ఆరేళ్ల క్రితం. అంతకుముందు తెల్లది. అందులో మూడు మందులూ ఒకేసారి ఒంట్లోంచి పోయేవి. ఈ పసుపు దాంట్లో రెండు మందులు రెండు రోజుల్లో పోతాయి. మూడోది రెండు వారాలు ఉండిపోతుంది, సన్నగా."

మిగతాది నేనే పూర్తి చేశాను. మాత్ర ఆగాక వైరస్ మళ్లీ ప్రతులు రాయడం మొదలుపెడుతుంది. ఎదురుగా మూడు మందులు ఉండవు. ఒక్కటే ఉంటుంది. ఒక్కదాన్ని దాటడానికి ఒక్క అక్షరం చాలు.

మొదటివాళ్ల ఆచారంలో తప్పు లేదు. దాని కింద మాత్ర మారిపోయింది, మేం చూసుకోలేదు.

ఇంకొకటి రాయాలి. తేదీల్లో ఒకటి నాకు తెలిసిన తేదీ. నాలుగేళ్ల క్రితం, మాఘం 9. నంబరు 118.

"ఆ రోజు మెట్టల మీద పోయింది మా అమ్మ ఒక్కతే కదండీ" అన్నాను.

టీచరుగారు నా వైపు చూడలేదు. "నీలో ఆ అక్షరం మారడం పోయినేడే చూశాను రత్నం. పచ్చ మాత్రల జాబితాలో నీ నంబరు ఉంది. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, జ్వరాలు వచ్చేవాళ్లు ముందు." పుస్తకం మూశారు. "నువ్వు పదిహేనోదానివి."

కార్తీకం 21

ఏమీ రాయబుద్ధి కాలేదు. నీళ్లు తొమ్మిది లీటర్లు.

కార్తీకం 22

నా లెక్కకు ఒకటి అడ్డు పడుతోంది. నంబరు 117. నా కొమ్మా, అదీ ఒకే చోట నుంచి చీలాయి. పుస్తకంలో ఇద్దరికీ అదే విడుపు తేదీ ఉందని టీచరుగారు చూసి చెప్పారు. కానీ 117లో ఏఏఏ అలాగే ఉంది, మారలేదు. పైగా ఆ కొమ్మ పొట్టిగా ఉంది. నాది ఆ ఏడు బారెడు సాగింది. అది గోరంత కూడా పెరగలేదు.

అమ్మ నుంచి వైరస్ వచ్చినవాళ్లం ఇద్దరమే.

చెట్టుకు ఎవరి పేరూ తెలియదు. కానీ అబద్ధం మాత్రం దాచదు.

మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్లాను. పాత చొక్కాలు చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది. బావ వేటకు వెళ్లాడు.

"అక్కా, అమ్మ పోయినప్పుడు నువ్వు మాత్ర ఇడవలేదు కదా?"

సూది ఆగింది. "ఎవరు సెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు."

తర్వాత గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. "బయమేసిందే. మొదటి రోజు పళ్లెంలో ఏసేను. రెండో రోజు నుంచి దొంగతనంగా మింగేసేదాన్ని, బియ్యం డబ్బా ఎనకాల నిలబడి. అమ్మకి ఆ మాత్రం సెయ్యలేకపోయేను. నువ్వు పదమూడేళ్ల పిల్లవి, పెదాలెండిపోయి కూకునేదానివి. నిన్ను సూత్తే నాకు సచ్చిపోవాలనిపించేది."

"నువ్వు చేసిందే మంచిదయ్యింది."

అంతా చెప్పాను. 118 గురించి కూడా. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. కడుపు మా మధ్య అడ్డంగా ఉంది. లోపల బిడ్డ తన్నింది, నాకు తగిలింది.

కళ్లు తుడుచుకుని అక్క అన్న మాట ఇది. "అయినా అమ్మమ్మ పోతే మాత్రం ఇడుత్తాను. ఈసారి నిజంగా ఇడుత్తాను. లేకపోతే బతకనివ్వరు, నన్నూ, ఆయన్నీ."

ఎనిమిదో నెల వస్తోంది. ఇప్పుడు పదహారు రోజులు మానితే వైరస్ లేస్తుంది, నూట మూడులో మారుతుంది, కాన్పులో బిడ్డకు ఆ మారినదే అందుతుంది. పుట్టకముందే పసుపు మాత్ర పని చేయని బిడ్డ. ఇది టీచరుగారి వాక్యం. నేను ప్రతి మాత్రమే రాశాను.

కార్తీకం 24

టీచరుగారు పెద్దల దగ్గరికి వెళ్లారు. తేదీలు, దారాలు, మాత్ర సంగతి అంతా చెప్పారు. వాళ్లు విన్నారు. పడవ వచ్చాక ఆలోచిద్దామన్నారు. కాశమ్మ బతికి ఉండగా ఈ మాట ఎత్తడం బాగుండదన్నారు.

నేను అమ్మమ్మకు చెప్పాను. ఆమె ఒప్పుకుంటే అందరూ ఒప్పుకుంటారని నా ఆశ. మాత్ర మారిందని, ఆచారంలో దోషం లేదని, చాలా జాగ్రత్తగా మాటలు ఏరుకుని చెప్పాను. నాకు మాటల మీద అంత నమ్మకం.

ఆమె కళ్లు మూసుకుని వింది. తర్వాత నా చేయి వదిలేసింది.

"మా అక్క నా నోట్లో ఎట్టిన మాత్ర రుసి నాకు ఇప్పటికీ తెలుసు. అరవై ఏళ్లు దానికోసమే ఇడిసేను. మా అమ్మకి, నాన్నకి, నీ తాతకి, నా కూతురికి. అదంతా ఇసం అంటన్నావు నువ్వు."

"విషం అనలేదు అమ్మమ్మా..."

"అన్నావమ్మీ. సదువుకున్న మాటల్తో అన్నావు." గోడ వైపు తిరిగింది. "నేను పోయేక నీ ఇట్టం. నేనుండగా ఆ మాట మళ్లీ నా సెవిలో ఎయ్యకు."

తర్వాత నాతో మాట్లాడలేదు. నీళ్లు తాగించినా అక్క చేత్తోనే తాగింది.

కార్తీకం 29

అమ్మమ్మ పొద్దున పోయింది. గంట వేళకు కొంచెం ముందు.

కార్తీకం 30

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మూడో మెట్ట దిగువ అంచున, నీళ్లకు దగ్గరగా అందరూ నిలబడ్డారు. మాత్ర వేసుకునే రక్తసంబంధీకులం, మనువొచ్చినవాళ్లతో కలిపి ముప్పై ఒక్కమందిమి. అమ్మమ్మ తెరచాప గుడ్డలో ఉంది. చాలా చిన్నగా కనిపించింది. మామయ్య ఇత్తడి పళ్లెం పట్టుకున్నాడు.

మా ముప్పై ఒక్కమందిలో అందరికంటే చిన్నదాన్ని నేనే. మొదట నేను వేయాలి.

మాత్ర అరచేతిలో ఉంది. పళ్లెం ముందుకు వచ్చింది. మాత్ర నోట్లో వేసుకుని మింగాను. నీళ్లు లేవు, గొంతులో అడ్డం పడింది, దగ్గు వచ్చింది. అందరికీ తెలిసింది.

"దీనమ్మ కడుపు మాడా! ముసల్ది ఇంకా నీళ్లలో మునగలేదే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మామయ్య పళ్లెం నా ఛాతీకి ఆనించాడు. "ఇంకో మాత్ర తెచ్చుకుని ఎయ్యి" అన్నాడు, నెమ్మదిగానే. అతని కళ్లలో నీళ్లున్నాయి. "ఎయ్యమ్మా. నీకు దణ్ణం పెడతాను."

"వెయ్యను మామయ్యా" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. రెండు రోజులు మాటలు కూర్చుకున్నాను, కొన్ని ఈ పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

నా తర్వాత ఇద్దరు ముగ్గురు పళ్లెంలో వేశారు. అక్క వంతు వచ్చింది. అక్క పళ్లెం వైపు చూడలేదు, నా వైపు చూసింది. మింగింది. నోరు తెరిచి, నాలుక చాపి మామయ్యకు చూపించింది. బావ కూడా మింగాడు. జనంలోంచి 'తీరపోడు' అన్న మాట వినిపించింది. అక్క అతని చేయి పట్టుకుని నిలబడింది.

కుసుమ పళ్లెం మీదికి చేయి చాపింది. పోయిన నెలే పెళ్లయింది. బంగారమ్మత్త దాని గుప్పిట మూసి నోటి దగ్గరికి నెట్టింది. "నువ్వు మింగెయ్యి, నీకెందుకు" అంది పళ్ల మధ్య నుంచి. తన మాత్ర మాత్రం పళ్లెంలో వేసి అమ్మమ్మకు దండం పెట్టింది.

మింగింది నలుగురం. పళ్లెంలో ఇరవై ఏడు మాత్రలు అమ్మమ్మతో కిందికి వెళ్లాయి. పసుపు రంగు చాలా లోతు దాకా కనిపించింది.

నేను మింగిన మాత్ర నా మీద ఇక ఎక్కువ రోజులు పని చేయదు. అది అక్కకు తెలుసు, టీచరుగారికి తెలుసు. అక్కడున్న మిగతా ఎవరికీ తెలియదు.

మార్గశిరం 1

మా ఇంటికి నీళ్ల వంతు ఇవ్వలేదు. అక్క, నేను మంచు వలల దగ్గర మా డబ్బాలు వెతుక్కున్నాం. ఎవరో బోర్లించి పెట్టారు.

గంట కొట్టేవాళ్లు లేక ఉదయం మెట్టలన్నీ అలాగే ఉండిపోయాయి. నేను వెళ్లి సుత్తి తీసుకుని మూడు దెబ్బలు కొట్టాను. విడుపులో ఉన్న ఇంటి మనిషి గంట కొట్టకూడదు. ఎవరూ వచ్చి ఆపలేదు. అక్క తలుపు దగ్గర నిలబడి, నాకు కనిపించేలా మింగింది.

తర్వాత చదువుగదికి వెళ్లాను. టీచరుగారిని ఒక్కటి అడిగాను. ఆమె సిరా బుడ్డి నా వైపు జరిపారు. తెరచాప మీద 118 పక్కన నా పేరు రాశాను. చెట్టు మీద ఉన్న పేరు అదొక్కటే. రేపటి నుంచి తలుపు తెరిచే ఉంచుతామన్నారు, చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడవచ్చు.

ఇంకో పని మిగిలింది. పళ్లెంలో మాత్ర వేసిన ఇరవై ఏడుగురి నంబర్లు టీచరుగారు చదివారు. ఒక్కో కొమ్మ కొస నుంచి, వచ్చే ఏడు అది ఎంత సాగవచ్చో అంత సన్నగా గీత గీశాను. పదిహేను రోజులు ఇంకా ఉన్నాయి. ఎవరైనా మనసు మార్చుకోవచ్చు.

అందుకని అవి మాత్రం పెన్సిల్‌తో గీశాను.